పంటి వేళ్ల మధ్య నరం

దెయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే మా పాతపట్నంలో ముందు నవ్వేవాణ్ణి నేనే. అయినా నాకు జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అరవైల చివర మాట. గుడిలో సన్నాయి వాయించడం మా తాతల నాటి నుంచీ వస్తున్న పని. ఆ ఏడు కింది దవడలో, ఎడమపక్క జ్ఞానదంతం అడ్డంగా మొలిచి చీము పట్టింది. సన్నాయి పెదవులకు ఆనిస్తే ప్రాణం పోయేది.

మందులతో వాపు తగ్గాక విజయనగరంలో ఒక పళ్ల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. పంటికి ఎక్స్‌రే తీసే యంత్రం ఆయన దగ్గర లేదు.

ఉదయం పది గంటలప్పుడు సూదిమందు ఇచ్చారు. దవడ మొద్దుబారింది. పళ్ల మధ్య రబ్బరు దిమ్మ పెట్టి, బుగ్గ నిండా దూది కుక్కారు. నర్సు నా నాలుకను పక్కకి నొక్కి పట్టుకుంది. డాక్టరుగారు చిగురు కోసి, పంటిని పెకలించడానికి పరికరం దించారు.

అంతలో ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నోట్లో ఇంత దూది పెట్టుకుని ఎలా మాట్లాడావయ్యా?" అన్నారు.

నేను తల అడ్డంగా ఊపాను.

"ఈయనే అన్నారండి. నానూ విన్నాను," అంది నర్సు.

దూది తీశాక ఏమన్నానని అడిగాను. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. నా గొంతేనట, నా యాసేనట: "ఆగండి బాబూ, పంటి ఏళ్ల మద్దినుంచి నరం ఎల్తన్నాది." నాకైతే ఏమీ వినపడలేదు. దవడ ఎముకలో నరం ఉంటుందనే అప్పటికి నాకు తెలియదు.

ఆయన చిగురు కుట్టేసి, విశాఖపట్నం పంపి ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టుకుని చూశారు. మామూలుగా పంటి వేళ్ల కిందుగా వెళ్లాల్సిన నరం నాకు రెండు వేళ్ల మధ్యలోంచి వెళ్తోంది. అలాంటి దవడ తానెప్పుడూ చూడలేదన్నారు. ఆ రోజు పన్ను లాగి ఉంటే నరం తెగేది, కింది పెదవికి స్పర్శ పోయేది. ఇక సన్నాయి మాటే లేదు.

కొన్నాళ్లకి ఆయనే పంటిని నిలువునా రెండు ముక్కలు చేసి, ఒక్కో వేరునీ నరానికి తగలకుండా విడిగా తీశారు. సాయంత్రం మత్తు వదిలాక కింది పెదవి గట్టిగా గిల్లుకున్నాను. నొప్పి పుట్టింది. ఏడుపొచ్చేసింది.

చాలా ఏళ్ల తర్వాత ఆయన్ని అడిగాను: "ఆ రోజు ఆ మాట నమ్మీసినారా బాబూ?"

"నమ్మలేదయ్యా. కానీ అబద్ధమని తేల్చుకోకుండా పన్ను లాగడానికి చెయ్యి రాలేదు."

ఆ మాట అన్నదెవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆగిన చెయ్యి ఎవరిదో మాత్రం తెలుసు. రోజూ సన్నాయి ఎత్తే ముందు ఆయన్ని తలుచుకుని దండం పెట్టుకుంటాను.