ముప్పై ఒకటో పేజీ

2024 మార్చి 19, మంగళవారం. జగ్గయ్యపేట బస్టాండుకు ఎదురు వరసలోని నా స్కానింగ్ కేంద్రంలో గోడ గడియారం రెండు గంటల పది నిమిషాలు చూపిస్తున్నది. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు రికార్డు గుమాస్తాగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఈ కేంద్రం పెట్టుకున్నాను. ఏ కాగితానికైనా దానిమీది తేదీ, సంఖ్య మాత్రమే ప్రమాణమని నా నమ్మకం. మనుషుల జ్ఞాపకాలను ఫైల్లో చేర్చవద్దని కొత్తగా చేరిన గుమాస్తాలకు చెప్పేవాణ్ని. ఆ మధ్యాహ్నం నా నమ్మకమే ఒక మనిషికి కీడు చేయబోయింది.

పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చిన రూతమ్మ మిరప కోతకు వెళ్లే కూలీ. భర్త దానియేలు తాపీ మేస్త్రి. ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయాలని విజయవాడ ఆసుపత్రిలో చెప్పారు. మరునాడు ఉదయమే చేరాలి. ఈలోగా హైదరాబాదులోని ఒక పెద్ద డాక్టరు నాలుగు గంటలకు ఫోనులో మాట్లాడి తన అభిప్రాయం చెబుతానన్నారు. ఆయన సహాయకురాలు పెట్టిన షరతు ఒక్కటే: రిపోర్టులన్నీ ఒకే పీడీఎఫ్‌గా, తేదీల వరసలో, మూడున్నరలోగా అందాలి. ఆలస్యమైతే మళ్లీ రెండు వారాలకు గాని వీలుపడదు.

"ఆ చెయ్యి కోస్తే మళ్లీ తాపీ పట్టలేడంటున్నారు బాబాయి గారూ. ఈయన ఒక్కసారి చూసి చెప్తే మనసు కుదుటపడుద్ది," అంటూ ఆమె ప్లాస్టిక్ సంచి బల్లమీద కుమ్మరించింది.

లెక్కపెట్టాను. కాగితాలు ఇరవై రెండు. ఫోనులో ఆసుపత్రి పంపిన డిశ్చార్జి సమ్మరీ ఎనిమిది పేజీలు. ఆమె ఇంకొక ఫైలు చూపిస్తూ, "ఇది ల్యాబ్ వాళ్లు నిన్న వాట్సాప్‌లో పెట్టారండి," అన్నది. అది ఒక పేజీ. మొత్తం ముప్పై ఒకటి. నిన్న అన్న మాట విన్నాను గాని, ఎందుకు పెట్టారని అడగలేదు.

కాగితాలు స్కాన్ చేసి అన్నిటినీ కలపబోయేసరికి మొదటి అడ్డంకి వచ్చింది. డిశ్చార్జి సమ్మరీ తెరుచుకుంటున్నది గాని పేజీలు కదలడం లేదు. పేజీలు మార్చే మీట మసకబారి ఉన్నది, నొక్కినా పనిచేయడం లేదు. ఫైలు వివరాలు తెరిస్తే, ప్రింటు తీయడానికి అనుమతి ఉన్నది, పేజీలు మార్చడానికి లేదు. ఇలా తాళం వేసిన పీడీఎఫ్‌ను బలవంతంగా విప్పే సాధనాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. నేను వాటిని వాడను. అనుమతి ఉన్న పనే చేశాను. ఎనిమిది పేజీలూ ప్రింటు తీసి, తిరిగి స్కాన్ చేశాను. 2.36.

తర్వాత థంబ్‌నెయిల్స్, అంటే పేజీల చిన్న బొమ్మలు, తెరమీద పరిచి ఒక్కొక్కదాన్ని తేదీ ప్రకారం లాగి అమర్చాను. సేవ్ చేయబోతే 'ఈ పత్రాన్ని భద్రపరచలేము' అని వచ్చింది. మళ్లీ చేశాను. అదే. పేరు మార్చి చూశాను. అదే.

"ఏందండి, పోయిందా?" రూతమ్మ కుర్చీలోంచి లేచింది.

"పోలేదమ్మా. ఒక పేజీ చెడి ఉండవచ్చు. ఏదో తెలియాలి."

ముప్పై ఒక్క పేజీలను ఒక్కొక్కటిగా పరీక్షించే వ్యవధి లేదు. ఇలాంటప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటున్నది. ఫైలును రెండు సగాలు చేసి విడివిడిగా సేవ్ చేయాలి. మొరాయించిన సగాన్ని మళ్లీ రెండు చేయాలి. మొదటి పదహారు పేజీలు సేవ్ అయినవి. మిగిలిన పదిహేను కాలేదు. వాటిని ఎనిమిది, ఏడు చేశాను. తర్వాత నాలుగు, మూడు. తర్వాత రెండు, ఒకటి. చెడిన పేజీ చిట్టచివరిది, ముప్పై ఒకటోది, ల్యాబ్ వాట్సాప్‌లో పంపినది. దాన్ని ప్రింటు తీసి, స్కాన్ చేసి, పాతదాని చోట పెట్టాను. ఈసారి ఫైలు సేవ్ అయింది. 3.04.

పంపే ముందు ప్రతి పేజీ తేదీ, ముఖ్యమైన అంకె పైకి చదవడం నా అలవాటు. రక్తంలో క్రియాటినిన్ ఎంత పెరిగితే మూత్రపిండాలు అంత దెబ్బతిన్నట్లు లెక్క కాబట్టి ఆ అంకెలు చదివాను. "జనవరి 12, ఒకటి పాయింట్ ఒకటి. మార్చి 4, అయిదు పాయింట్ రెండు. మార్చి 11, నాలుగు పాయింట్ మూడు. మార్చి 16, మూడు పాయింట్ ఆరు. మార్చి 18, ఆరు పాయింట్ ఎనిమిది."

"అట్టా కాదండి," అన్నది రూతమ్మ. "ఆరు పాయింట్ ఎనిమిది ముందొచ్చింది."

"కాగితంమీద మార్చి 18 అని ఉన్నదమ్మా."

"ఉంటే ఉందిలెండి. నిన్న మా ఆయన గడప దాటలేదు. రక్తం ఎవరు తీశారు, పిట్టలొచ్చి తీశాయా?"

"తేదీ అబద్ధం చెప్పదు."

"నేను చెప్తున్నానా మరి? ఆ ఆరు పాయింట్ ఎనిమిది వచ్చిన రోజు మేము రెండో కోతలో ఉన్నాం. కాయ బస్తాలు సగంలో ఒదిలేసి వచ్చా. తెల్లారి ఆదివారం. గుడికి కూడా పోకుండా బెజవాడ తీసుకెళ్లాం. ఆ కాగితం ఆటోలో ఎక్కడో పడిపోతే, నిన్న అడిగి మళ్లీ పెట్టించుకున్నా. వచ్చీరాగానే చెప్పాగా మీకు!"

నాకు కోపం వచ్చింది. సమయం 3.09. ఆమె మాటను పక్కన పెట్టి పంపేయవచ్చు. కాని అప్పుడే ప్రింటు తీసిన కాగితం యంత్రం ట్రేలో ఉన్నది. దాన్ని అందుకుని, భూతద్దం పెట్టి, పై నుంచి కిందికి చదివాను. పైన పెద్ద అక్షరాలలో మార్చి 18. బార్‌కోడు కింద, చీమ తలకాయంత అక్షరాలలో, రక్తం సేకరించిన తేదీ: ఫిబ్రవరి 24. క్యాలెండరు తిప్పాను. శనివారం. మరునాడు ఆదివారం.

పైనున్నది నకలు తీసిన తేదీ. నేను దాన్ని పరీక్ష తేదీగా తీసుకున్నాను. నేను పెట్టిన వరసలో దానియేలు జబ్బు తగ్గుతూ తగ్గుతూ నిన్న ఒక్కసారిగా విషమించింది. అసలు వరసలో అది ఫిబ్రవరి 24న విషమించి, అప్పటి నుంచి తగ్గుతూనే ఉన్నది. అంకెలన్నీ నిజమే. ఒక్క పేజీ చోటు తప్పినందుకు అవి చెప్పే కథ తలకిందులైంది.

ఒకదానిలో తప్పు జరిగితే మరొకదానిలోనూ జరగవచ్చు. ల్యాబ్ రిపోర్టులు అన్నిటిలో సేకరణ తేదీలు వెతికి సరిచూశాను. మిగతావి సరిపోయినవి. ముప్పై ఒకటో పేజీని జనవరి రిపోర్టు వెనక్కు జరిపి సేవ్ చేసి, రూతమ్మ ఫోనుకు ఎక్కించి, డాక్టరు సహాయకురాలికి పంపించాను. 3.24.

పంపిన ఫైలును పంపిన చోటే తెరిచి చూడాలన్నది నా మరొక నియమం. తెరిచాను. చివరి పేజీ ఆరు పాయింట్ ఎనిమిది! రెండు ఫైళ్లకూ ఒకే పేరు. కొత్తదాని చివర యంత్రం ఒకటి అనే అంకె చేర్చింది. తొందరలో నేను పాతదాన్ని ఎక్కించాను. దాన్ని అవతలి వైపు కూడా చెరిపేసి, పాత ఫైలును కంప్యూటరులోంచే తీసివేసి, సరైనది పంపి, మళ్లీ తెరిచి చివరి పేజీ చూశాను. మార్చి 16, మూడు పాయింట్ ఆరు. 3.29.

నాలుగు గంటల ఏడు నిమిషాలకు ఫోను మోగింది. రూతమ్మ స్పీకరు పెట్టింది.

"ఫిబ్రవరి 24న ఆరు పాయింట్ ఎనిమిది. ఆ తర్వాత దిగుతూ వస్తోంది కదమ్మా. అంతకు ముందు నొప్పి మాత్రలేమైనా వాడాడా?"

"వాడాడండి. మోకాళ్లకని. పదిహేను రోజులపైనే మింగాడు."

"అవి ఆపాడా?"

"ఆసుపత్రిలో ఆపించారండి."

 ఆయన, "రేపటి ఆపరేషన్ ఆపండి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను. వారం వారం రక్తపరీక్ష చేయించి నాకు పంపండి. ఇదే వరసలో పంపండి," అన్నారు.

రూతమ్మ ఫోను ఒడిలో పెట్టుకుని కొంగుతో ముఖం కప్పుకున్నది. నేను ఆమె కాగితాలను తేదీల వరసలో సర్ది సంచిలో పెట్టాను.

ఆ రోజు నుంచి నా రిజిస్టరులో ఒక గడి పెరిగింది. తేదీ, పేజీల సంఖ్య తర్వాత, 'ఆ రోజు ఏం జరిగింది' అన్న గడి. కాగితం తెచ్చిన మనిషిని అడిగి, వారు చెప్పింది చెప్పినట్లు రాస్తాను. అది తేదీతో పొసగకపోతే పేజీ కదపను. తేదీమీద నా నమ్మకం తగ్గలేదు. అది ఏ పనికి వేసిన తేదీయో తెలుసుకోకుండా నమ్మడం మానేశాను.

మే నెల 14న రూతమ్మ మరొక రిపోర్టు తెచ్చింది. సేకరణ తేదీ మే 13. క్రియాటినిన్ ఒకటి పాయింట్ మూడు. కలం తీసి, కొత్త గడి దగ్గర ఆగి అడిగాను.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా?"

ఆమె సంచి మడిచి చంకలో పెట్టుకున్నది.

"ఏం జరగలేదండి. రక్తమిచ్చి పనిలోకి పోయాడు."

అలాగే రాసుకున్నాను.