టీసీలో అయిన నా పెండ్లి

ఇయ్యాల హసన్‌పర్తిలో ఉన్న మా కాలేజీకి టీసీ కోసం పోయిన. ఎండాకాలం సెలవులల్ల కూడా క్లాసులకు కూసోని, నాలుగేండ్ల డిగ్రీని మూడున్నరేండ్లకే పూర్తి చేసిన. డాక్టర్ చదువు, రీసెర్చ్ రెండూ కలిపి చేసే కోర్సుకు అప్లై చేస్తున్న. అది ఎనిమిదేండ్ల కోర్సు, అందుకే ఒక ఆరు నెలలు ముందుగాల మొదలుపెడదామని నా తొందర.

ఆఫీసులో క్లర్క్ సార్ నన్ను ఒక్కసారి చూసి, చకచకా రాసి, ముద్ర కొట్టి చేతిల పెట్టిండు. చదివితే 'కాలేజీ విడిచిన కారణం' దగ్గర 'వివాహం' అని ఉన్నది.

"సార్, నాకు పెండ్లి ఎప్పుడైంది?"

"కాలేదా? బ్యాచ్ కంటే ముందు టీసీకి వచ్చే ఆడపిల్లలందరికి అదే రాస్త బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్కరు కూడ అడగలే."

"నా చదువే అయిపోయింది సార్. మార్కుల మెమో చూడుండ్రి."

సార్ అద్దాలు పెట్టుకోని మెమోను రెండుసార్లు చూసిండు. 'వివాహం' కొట్టేసి 'చదువు పూర్తి' అని రాసి, "కొట్టివేత ఉన్నది గదా, మీ నాయిన సంతకం తీస్కరా" అన్నడు.

సాయంత్రం స్టేషన్ ఘన్‌పూర్ల పత్తి చేను కాడ నాయినకు కాయితం ఇచ్చిన. కొట్టేసిన మాటను కూడబలుక్కోని చదివి, "పిలగాడెవరు బిడ్డా?" అని నవ్వుకుంట సంతకం పెట్టిండు.

నా అప్లికేషన్ రేపు పోతది, సీటు కూడ వస్తది. అక్కలారా, మీరు కూడ మీ టీసీలు ఒక్కసారి తీసి చూసుకోండ్రి. మీకు చెప్పకుండనే ఎవరన్న పెండ్లి చేసిండ్రేమో!