ఇచ్చట మాటలు కూడా రికార్డగును

మా ఇంటి ఓనరు కైలాసం సార్‌కు ఉన్నది ఒకటే జబ్బు. గల్లీలో ఎవరు ఏం మాట్లాడుకున్నా దానికి ఆయన జవాబు చెప్పాలి. తనను అడిగారా, అసలు తనతో మాట్లాడుతున్నారా అన్న చిన్న చిన్న సంగతులు ఆయన పట్టించుకోడు.

ఆయన కరీంనగర్ బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మైకు ముందు కూర్చుని, జగిత్యాల బస్సు ఎక్కడ ఆగిందో, వేములవాడ బస్సు ఎందుకు ఆలస్యమైందో ఊరందరికీ చెప్పాడు. రిటైరయ్యాక ఆయన మాట వినడానికి భార్య దేవవ్వ ఒక్కతే మిగిలింది. ఆమెకు వినే అలవాటు మొదటినుంచీ లేదు. అందుకని దొంగల భయం పేరు చెప్పి గేటు మీద కెమెరా పెట్టించాడు. అది చూస్తుంది, వింటుంది, మాట్లాడుతుంది కూడా. ఆ మూడో గుణం కోసమే కొన్నాడని మేడమీద అద్దెకున్న మా గట్టి నమ్మకం.

దొంగలెవరూ రాలేదు. ఒకనాడు గేటు పక్కన నీడలో నిలబడి ఇద్దరు ముసలివాళ్లు ఆసిఫాబాద్ ఎట్లా పోవాలో తర్జనభర్జన పడుతున్నారు. నెత్తిమీది నుంచి గొంతు వినిపించింది.

"మంచిర్యాల మీదికెల్లి పోండ్రి. సామాన్లు జర చూసుకోండ్రి."

ఇద్దరూ ఆకాశానికి దండం పెట్టి, అదే దారిన పోయారు.

మా వంతూ వచ్చింది. ట్యాంకు నిండి నీళ్లు గోడ వెంబడి కారుతుంటే, మోటారు బంద్ చేయాల్సింది ఎవరని నేనూ మా ఆవిడ మమతారాణీ మెట్ల మీద వాదించుకుంటున్నాం. నేనే గెలుస్తున్నాను. అప్పుడు కెమెరా నోరు విప్పింది.

"అరుణ్‌కుమార్, తప్పు నీదే. మోటర్ ఏసింది నువ్వు. రికార్డుంది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ తగాదా వచ్చినా మమతారాణి నన్ను గేటు దగ్గరికి రమ్మంటుంది.

ఎదురింటి రంజిత్ వకీలు. కోటు వేసుకుని ఉన్నప్పుడు పాలవాడితో కూడా చట్టమే మాట్లాడతాడు. అతను ఫోనులో క్లయింటుకు సలహా చెబుతుంటే ఈ కెమెరా మధ్యలో దూరి, కేసు రాజీ చేసుకొమ్మంది. రంజిత్ రోడ్డు దాటి వచ్చాడు. నీ గేటును నువ్వు చూసుకో, కాదన్నవారు లేరు గానీ, పక్కవాళ్లు వాళ్ల అరుగు మీద మాట్లాడుకున్న మాటలు పట్టుకోవడం వేరన్నాడు. మనిషి ఏకాంతం ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టే చెప్పిందన్నాడు. ఏకాంతం కావాల్సినవాళ్లు తలుపేసుకుని మాట్లాడుకోవాలి గానీ బజారుకెక్కి అరిస్తే చెవులు మూసుకోవడం తన పని కాదని కైలాసం సార్ జవాబు.

రంజిత్ నోటీసు పంపాడు. కైలాసం సార్ దాన్ని కెమెరాలోంచి, తేదీతో సహా, గల్లీ అంతటికీ చదివి వినిపించాడు. తర్వాత గేటుకు బోర్డు తగిలించాడు: 'ఇచ్చట మాటలు కూడా రికార్డగును.' చెప్పి చేస్తే తప్పు లేదట.

అప్పటినుంచి మా గల్లీ మూగబోయింది. కూరగాయల శంకరవ్వ బండి ఆపి, అరవకుండా బీరకాయను కెమెరా ముందు ఎత్తి చూపించేది. కొత్తగా పెళ్లయినవాళ్లు సైగలతో పోట్లాడుకునేవాళ్లు. కైలాసం సార్ మాత్రం, ఎవరు ఎప్పుడు ఏమన్నారో అంతా తన దగ్గర భద్రంగా ఉందని చాటింపు వేస్తూనే ఉన్నాడు.

ఇట్లా ఉండగా పక్కింట్లో అసలు గొడవ లేచింది. మైసయ్య, సత్తవ్వల కోడలు నవ్యశ్రీది బెల్లంపల్లి. వాళ్లింట్లో ఫోను సరిగ్గా పలకదని మా గేటు పక్కకు వచ్చి తల్లితో మాట్లాడుకునేది. ఆ పిల్ల అత్తను ఏదో పెద్ద మాటే అందని శంకరవ్వ వెళ్లి సత్తవ్వ చెవిన వేసింది. ఇంకేం, సత్తవ్వ మొగుణ్నీ, కొడుకు నరేశ్‌నూ, గల్లీలో సగం మందినీ వెంటేసుకుని మా గేటు ముందుకు వచ్చింది. ఆ మాట నిజమైతే కోడలిని ఇవాళే బెల్లంపల్లి బస్సు ఎక్కిస్తానంది. నరేశ్ చెప్పుల వైపు చూస్తున్నాడు. నవ్యశ్రీ గోడ పక్కన కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"కైలాసమన్నా, నా కోడలు నన్నేమన్నదో అందరి ముంగట ఇనిపియ్యి. నీ కాడ రికార్డుంది గద," అంది సత్తవ్వ.

జనం ఉన్నారు, యంత్రం ఉంది, వినిపించమని అడిగేవాళ్లున్నారు. జన్మంతా ఆయన ఎదురుచూసిన ఘడియ ఇదేననుకున్నాను. కైలాసం సార్ గేటు బయటికి వచ్చి, గొంతు సవరించుకుని రంజిత్‌ను కేకేశాడు.

"వకీల్ సాబ్, ఏకాంతం అంటివి గద. గదేందో సత్తవ్వకు జర సమజ్ చెయ్యి."

రంజిత్ ఒకసారి కెమెరా వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు. తేరుకుని, ఒకరి సొంత మాటలను వాళ్ల అనుమతి లేకుండా పదిమందికి వినిపిస్తే కేసవుతుందని చెప్పాడు. ఇది తమ ఇంటి ముచ్చట అనీ, కోర్టులతో తనకేం పని అనీ సత్తవ్వ కొట్టిపారేసింది.

"సరే, ఇనిపిస్త," అన్నాడు కైలాసం సార్. "గని నడుమల నుంచి ఒక్కటే తీసుడు రాదు. మొదటికెల్లి అన్ని వస్తయి. నువ్వు గీడ నిలవడి నీ ఆడిబిడ్డను అన్నయి వస్తయి. మైసయ్య ఫోన్ల మాట్లాడినయి వస్తయి. ఇగ వీళ్లందరియి కూడ." అని గుంపునంతా నిదానంగా, ఒక్కొక్కరినే చూశాడు.

మా గల్లీకి చట్టం మీద గౌరవం కలిగింది అప్పుడే. ఇంటి మాట బజార్లో పెట్టడం పద్ధతి కాదని మైసయ్య అందరికంటే ముందు అన్నాడు. ఇద్దరు ముగ్గురికి పొయ్యి మీది పాలు గుర్తొచ్చాయి. బండి చక్రాల చప్పుడులో తనకు తప్పు వినపడి ఉంటుందంది శంకరవ్వ. సత్తవ్వకు ఆడబిడ్డ గుర్తొచ్చింది. చివరికి, చిన్నపిల్ల, పోనిమ్మని ఇంట్లోకి నడిచింది. ఏకాంత హక్కు మీద ఇంత తొందరగా ఏ బెంచీ ఏకాభిప్రాయానికి వచ్చి ఉండదు.

అంతా పోయాక, నాకొక్కడికైనా వినిపించమని కైలాసం సార్‌ను బతిమాలాను. ఆయన నిచ్చెన వేసి కెమెరా అడుగు చూపించాడు. రికార్డయ్యే మెమరీ కార్డు ఉండాల్సిన చోట ఖాళీ.

"పెట్టిన కొత్తల ఉండె," అన్నాడు. "ఓ రోజు ఎనకకు తిప్పి ఇంటే, మా దేవవ్వ వాళ్ల చెల్లెతోని నా గురించి చెప్తున్న ముచ్చట వచ్చింది. అది నాకు చెప్పాల్నని చెప్పింది కాదు. నాకు మస్తు సిగ్గయింది. కార్డు తీసి పారేసిన."

మరి సత్తవ్వ ఆడబిడ్డను అన్నమాటలు ఎట్లా తెలుసని అడిగాను. ఆడబిడ్డను ఏమీ అనని మనిషి ఉంటుందా అని ఆయన నన్నే ఎదురడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గా పిల్ల రోజు నవ్వుకుంటనే మాట్లాడ్తది. నిన్న ఒక్కరోజే ఏడ్సింది. గది గూడ గల్లీల పెట్టి ఇనాల్నా?"

మరునాడు పొద్దున నవ్యశ్రీ గేటు దగ్గరికి వచ్చింది, ఫోను లేకుండా.

"మామా, నేను మా అవ్వతోని మాట్లాడింది మీరు ఇన్నరా?"

"ఇన్న."

ఆ పిల్ల తల దించుకుంది.

"సత్తవ్వ గురించి నువ్వు చెప్పింది సగమే బిడ్డా. మిగిలిన సగం నన్నడుగు. ఆమె గీ గల్లీకి కోడలై వచ్చినప్పటికెల్లి చూస్తున్న."

నవ్యశ్రీ గేటు చువ్వ పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక అక్కడే మెట్టు మీద కూలబడింది. లోపలినుంచి దేవవ్వ చాయ గ్లాసులతో వచ్చి, చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

"ఆయినకేం తెలుసు," అంది. "నేను చెప్త, ఇను."