ఎర్ర క్లిప్పు ఎడమ చేతికి

నంద్యాలను జిల్లా కేంద్రం చేసిన ఏడాది, జూన్ నెలలో నన్ను ఆళ్లగడ్డకు వేశారు. అప్పటికి నేను నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ ఈసీజీ టెక్నీషియన్‌ని. ఆ ఆసుపత్రి వాళ్లు ఆళ్లగడ్డలో ముప్పై పడకలతో కొత్తగా ఒక శాఖ తెరిచారు. దాని పేరు ఇక్కడ రాయను. జరిగిన తప్పు నాది, ఆసుపత్రిది కాదు. రిటైరవడానికి రెండేళ్లే ఉన్నాయనీ, గోస్పాడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ బస్సులో తిరగడం కష్టమనీ చెప్పి చూశాను. మేనేజరు వినలేదు. "ఆడంతా కొత్త పిల్లోళ్లే ఉండారు. నీలాంటి పాతకాపు ఒకడుండాలన్నా" అన్నాడు. పొగిడితే లొంగని వాడెవడు? వెళ్లాను.

ఆసుపత్రిలో మా మెట్టు ఎక్కడో ముందు చెప్పాలి. ఈసీజీ తీయడం మా పని, చదవడం డాక్టరు పని. రోగి పేరు, వయసు, టైము రాసి కాగితం డాక్టరు బల్ల మీద పెట్టడంతో మా బాధ్యత తీరిపోతుంది. కానీ ముప్పై నాలుగేళ్లు అవే గీతలు చూస్తూ ఉంటే, చదవకూడదన్నా కళ్లు చదివేస్తాయి. నేను కాగితం చూసి "ఇది పోటే" అంటే, పది నిమిషాల తరువాత డాక్టరు కూడా అదే అనడం చాలాసార్లు జరిగింది. దాంతో నాకు కొంచెం తల బిరుసెక్కింది. దాన్ని ఇప్పుడు దాచడం దేనికి?

గుండె సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. మనిషి గుప్పిటంత కండ అది. లోపల నాలుగు గదులు. కుడివైపు గదులు ఒళ్లంతా తిరిగి వచ్చిన నెత్తురును ఊపిరితిత్తులకు పంపుతాయి. అక్కడ శుభ్రమై వచ్చిన నెత్తురును ఎడమవైపు గదులు మళ్లీ ఒళ్లంతటికీ తోస్తాయి. మధ్యలో ఉండే కవాటాలు ఒకే దిక్కుకు తెరుచుకునే తలుపులు. ఈ కండ ముడుచుకోవాలంటే కొద్దిపాటి కరెంటు కావాలి. దాన్ని గుండె తనకు తానే పుట్టించుకుంటుంది. ఆ కరెంటు ఏ దిక్కుగా, ఎంత బలంగా పోతున్నదో చేతుల మీద, కాళ్ల మీద, రొమ్ము మీద వైర్లు పెట్టి కాగితం మీద గీయించడమే ఈసీజీ.

మన వైపు గుండెకు ఏది వచ్చినా "గుండెపోటు" అనేస్తారు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి కవాటం పాడైతే అది వేరే జబ్బు. కొట్టుకోవడంలో లయ తప్పితే అది వేరు. కండ బలహీనపడి కాళ్లు వాచి, మెట్టెక్కితే ఆయాసం వస్తే అది ఇంకొకటి. అసలు గుండెపోటు ఏమిటంటే, ఒళ్లంతటికీ నెత్తురు పంచే గుండె తన వాటాను తన పైన పరుచుకున్న సన్నటి నాళాల ద్వారానే తీసుకుంటుంది. వాటిలో ఒకటి పూడుకుపోతే ఆ కింది కండ చావడం మొదలవుతుంది. కాలవ పూడితే కింది మడి ఎండినట్టే. మడికి మళ్లీ నీళ్లు పెట్టుకోవచ్చు గానీ, చచ్చిన కండ తిరిగి రాదు. అందుకే ఈ జబ్బులో ప్రతి నిమిషానికీ విలువ.

ఇక మా వైర్లు. ఎర్ర క్లిప్పు కుడి చేతికి, పసుపు రంగుది ఎడమ చేతికి, మిగతా రెండూ కాళ్లకు. రొమ్ము నడిమి ఎముకకు కుడిపక్కన మొదలుపెట్టి, ఎడమ చంక దాకా ఆరు రబ్బరు బుడ్డలు వరుసగా అంటించాలి. కొత్తవాళ్లు చేసే మామూలు పొరపాటు చేతుల క్లిప్పులు తారుమారు చేయడం. అప్పుడు మొదటి వరుసలో పైకి లేవాల్సిన గీత కిందికి దిగుతుంది. అలాంటి కాగితం కనపడితే నేను వదిలేవాణ్ణి కాదు. "అన్నం తినే చెయ్యి ఏదో తెలుసునా నాయనా?" అని అందరి ముందూ అడిగేవాణ్ణి.

ఓబులరెడ్డి ఒక సోమవారం ఉదయం పది గంటలకు వచ్చాడు. రుద్రవరం వైపు పల్లె, పసుపు, వరి పండించే రైతు, యాభై నాలుగేళ్లు. లావుపాటి మనిషి, రొమ్ము నిండా వెంట్రుకలు. వెంట భార్య లక్ష్మీదేవమ్మ. టౌనులో పని ఉండి వచ్చి, హోటల్లో ఉగ్గాని బజ్జీ తిన్నాడట. ఆ తరువాత రొమ్ములో కుడిపక్కన పట్టేసి, కుడి చేయి లాగడం మొదలైంది. బల్ల మీద పడుకుంటూనే, "గ్యాసుకు ఇదంతా యాలన్నా? ఈమె ఊరుకోకపోతే వచ్చినా. బేగా తీసెయ్" అన్నాడు. ఒళ్లంతా చెమట.

క్లిప్పులు పెట్టాను, బుడ్డలు అంటించాను, మీట నొక్కాను. మొదటి వరుస గీత కిందికి దిగింది.

చేతులు చూశాను. ఎర్రది కుడి చేతికే ఉంది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. కానీ వారం కిందటే మిషను వైరు తెగితే రిపేరు మనిషి కొసలు మార్చి వెళ్లాడు. వాడే రంగులు తారుమారు చేసి ఉంటాడని నిమిషంలో తేల్చేశాను. అదే వైరుతో ఆ పొద్దున అప్పటికే తొమ్మిది మందికి ఈసీజీ తీశాను. తొమ్మిదీ సరిగ్గా వచ్చాయి. ఆ సంగతి గుర్తు చేసుకోవడానికి అర నిమిషం చాలు. నేను ఆ అర నిమిషం పెట్టలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఎర్ర క్లిప్పు తీసి ఎడమ చేతికి పెట్టాను, పసుపుది కుడి చేతికి మార్చాను. మళ్లీ నొక్కితే గీత బుద్ధిగా పైకి లేచింది. రొమ్ము మీది గీతలు మాత్రం ఎడమకు పోయేకొద్దీ చిన్నవైపోయాయి. చెమటకు బుడ్డలు నిలవడం లేదని అనుకున్నాను. మొదటి కాగితం మడిచి జేబులో వేసుకుని, రెండోది డాక్టరు బల్ల మీద పెట్టాను.

మా డాక్టరమ్మ ముప్పై అయిదేళ్లు దాటని మనిషి, కానీ పనిలో జాగ్రత్త ఎక్కువ. కాగితం రెండుసార్లు తిప్పి చూసి, రొమ్ము గీతలు ఇంత చిన్నగా ఉన్నాయేమని అడిగింది. "వెంట్రుకలు, చెమట మేడం, బుడ్డలు సరిగా పట్టలేదు" అన్నాను. జేబులో ఇంకో కాగితం ఉందని చెప్పలేదు. చెబితే, అందరినీ వెక్కిరించే నా మిషను మీదే వైర్లు తారుమారయ్యాయని ఒప్పుకోవాలి కదా. ఆమె నన్ను నమ్మింది. నొప్పి కుడిపక్క ఉండటం, కాగితంలో గట్టి గుర్తు కనపడకపోవడం, పొద్దున తిన్న బజ్జీలు, అన్నీ ఒక దిక్కుకే చూపించాయి. అయినా ఆమె వాళ్లను పంపేయలేదు. గ్యాసుకు ఇంజెక్షను ఇప్పించి, రక్తపరీక్ష రాసి, గంట తరువాత ఇంకో ఈసీజీ తీద్దాం, అంతదాకా బయట కూర్చోమంది.

నలభై నిమిషాలకు నేను టీ తాగి వస్తున్నాను. వరండాలో బెంచీ మీద ఓబులరెడ్డి వెనక్కి వాలి కూర్చున్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. లక్ష్మీదేవమ్మ ఆయన చొక్కా గుండీలు విప్పి కుడి రొమ్ము మీద నొప్పుల మందు రుద్దుతున్నది. నన్ను చూసి, "ఎంత రుద్దినా తగ్గలేదన్నా. చెయ్యి పెడితే గుండెకాయ ఈడ ఎగిరెగిరి కొట్టుకుంటాంది" అంది.

ఆమె చేయి ఉన్నది కుడి రొమ్ము కింద.

వంగి నా అరచేయి అక్కడ పెట్టాను. గట్టిగా కొట్టుకుంటోంది. ఎడమపక్కన పెట్టాను. ఏమీ లేదు. "అమ్మా, ఈయనకు ఎప్పుడూ ఈడనేనా?" అని అడిగాను. ఆమె, "పెండ్లయినప్పటి నుంచీ అంతే. అందరికీ యాడుంటాదో మాకేం తెలుసన్నా" అంది. ఆ మనిషి అంతవరకు జ్వరానికి మాత్ర వేసుకోవడమే తప్ప ఒక్క ఎక్స్‌రే కూడా తీయించుకోలేదు.

కొందరికి పుట్టుకతోనే గుండె కుడివైపున ఉంటుంది. చాలా అరుదు. అది జబ్బు కాదు, చాలామంది దానితోనే నిండుగా బతుకుతారు. అలాంటి వారిలో చేతుల క్లిప్పులు సరిగ్గా పెట్టినా మొదటి గీత కిందికే దిగుతుంది. రొమ్ము గీతలు ఎడమకు పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఇవన్నీ ట్రైనింగులో చదివినవే. అంటే మొదటి కాగితం మాకు నిజం చెప్పింది. నేను దాని నోరు మూయించాను.

డాక్టరు గది తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బుడ్డలు కుడివైపు పెట్టి కొత్తది ఒకటి తీసి, ఇప్పుడే కనిపెట్టినట్టు ఇస్తే, జేబులోది ఎవరికీ తెలియదు. మెచ్చుకుంటారు కూడా. ఆ ఆలోచన నాకు వచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. లోపలికి వెళ్లి కాగితం తీసి బల్ల మీద పెట్టి, "మేడం, ఇది ముందు వచ్చింది. నేనే క్లిప్పులు మార్చినాను. ఆయనకు గుండె కుడిపక్కనుండాది" అని చెప్పాను.

ఆమె కాగితం చూసి లేచింది. స్టెతస్కోపు తీసుకుని పరుగున వచ్చి కుడిపక్కన పెట్టి విన్నది. ఓబులరెడ్డిని లోపలికి మోసుకెళ్లాం. బుడ్డలను కుడి చంక వైపుకు వరుసగా అంటించాను. ఈసారి రొమ్ము గీతలు నాలుగు వరుసల్లో నిట్టనిలువుగా లేచాయి. గుండె ముందువైపు కండకు నెత్తురు ఆగిపోయింది. చదవడానికి డాక్టరే అక్కర్లేదు.

నమిలే మాత్రలు ఇచ్చి, నాళంలో నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షను అక్కడే ఎక్కించి, అంబులెన్సులో నంద్యాలకు పంపింది. తనే వెంట కూర్చుని వెళ్లింది. ఆ సాయంత్రమే అక్కడ నాళం తెరిచి స్టెంటు వేశారు. తెర మీద బొమ్మ అంతా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండటంతో మామూలు కంటే ఎక్కువ సేపు పట్టిందని తరువాత విన్నాను. మనిషి బతికాడు. కానీ మామూలుగా నూటికి అరవై వంతులు నెత్తురు తోయాల్సిన గుండె, ఎకో స్కానింగు తీస్తే నలభై దగ్గర తేలింది. అందులో నా నలభై నిమిషాల వాటా ఎంతో ఎవరూ కొలిచి చెప్పలేరు. లేదని మాత్రం నేను అనను.

మరునాడు నాకు మెమో వచ్చింది. మొదటి ఈసీజీని డాక్టరుకు ఇవ్వకపోవడం, అడిగినప్పుడు తప్పుడు కారణం చెప్పడం, రెండు అభియోగాలు. సంజాయిషీలో రెండూ నిజమే అని రాశాను. నా సర్వీసులో అది ఒక్కటే మెమో. డాక్టరమ్మ తన తప్పు కూడా ఉందనేది. ఎడమపక్కన విన్నప్పుడు గుండె చప్పుడు ఎక్కడో దూరంగా వినపడిందట. లావు మనిషి కదా అని సరిపెట్టుకున్నదట. ఆమె పెద్ద మనసుతో అలా అన్నది గానీ, ఆమె ముందు ఉన్న కాగితం నేను మార్చిందే.

మూడో నెలలో ఓబులరెడ్డి పరీక్షకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చేను గట్టు ఎక్కితే ఆయాసపడుతున్నాడని, పసుపు చేను ఈసారి కౌలుకు ఇచ్చేశామని లక్ష్మీదేవమ్మ చెప్పింది. గుండె కుడిపక్క ఉండటంతో మొదటి పరీక్షలో తెలియలేదని వాళ్లకు నంద్యాలలో చెప్పారు. అది సగం నిజం. ఆమె బయటికి వెళ్లాక మిగతా సగం నేను చెప్పాను. మొదటి కాగితం సంగతి, జేబు సంగతి, డాక్టరమ్మకు చెప్పిన అబద్ధం సంగతి, ఏదీ వదలలేదు.

ఆయన రొమ్ము మీది జెల్లీని తువ్వాలతో తుడుచుకుంటూ విన్నాడు. తరువాత చొక్కా వేసుకుంటూ అన్నాడు: "గుండె ఈపక్కనుండేది దేవుని పని. దానికి నిన్నేమీ అనను. మిషను ఉన్నది ఉన్నట్టు చెప్తే నువ్వు కాదన్యావు. అది నీ పని." గుండీలు పెట్టుకున్నాక, "నాకు చెప్పినావు కాబట్టి ఇంగ దీన్ని ఎవరికీ చెప్పను. మళ్లా ఎవరికీ ఇట్ల చేయాకు" అని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత రిటైరయ్యేవరకు నా కింద పని చేసినవారికి ఒకటే పద్ధతి నేర్పాను. గీత వింతగా వస్తే వైర్లు ఒకసారి సరిచూడండి. సరిగ్గానే ఉంటే, ఆ వింత కాగితాన్నే డాక్టరు బల్ల మీద పెట్టండి. పైన "వైర్లు సరిచూశాను" అని రాసి సంతకం చేయండి. ఇంకోటి తీస్తే రెండూ ఇవ్వండి. ఏ కాగితమూ జేబులోకి పోకూడదు. వెక్కిరించడం కూడా మానేశాను. వెక్కిరింతకు భయపడేవాడు కాగితం దాస్తాడు. నేను దాచింది నా వెక్కిరింతకే భయపడి.