ఆపి చూసిన బొమ్మ

పొద్దున్నే దుకాణం రేకు తలుపు ఎత్తగానే పోచన్న తడిగుడ్డతో కంప్యూటర్ తెర తుడిచేవాడు. చంద్రపూర్ బొగ్గుదుమ్ముకు మూసిన తలుపు అడ్డం కాదు. తెర తుడిచాక కార్ల పందెం ఆట మొదలుపెట్టి, వెంటనే ఆపేసేవాడు. గుమ్మం దాకా వెనక్కి నడిచి, ఎడమకన్ను మూసుకుని, నిలిచిపోయిన బొమ్మను చూసేవాడు. అడవిలో తారురోడ్డు, కొమ్మల సందుల్లోంచి జారిన ఎండ, వాగులో ఆకుల నీడ. మలుపు దగ్గర ఒరిగిన ఎర్రకారు.

సినిమా బోర్డులు గీసీ గీసీ వచ్చిన అలవాటది. నిచ్చెన మీద ఉన్నవాడికి హీరో ముక్కే తప్ప ముఖం కనబడదు. దిగి, రోడ్డు దాటి, ఒక కన్ను మూసి చూస్తేనే బొమ్మ కుదిరిందో లేదో తెలుస్తుంది. నాగపూర్ నుంచి అచ్చు పోస్టర్లు రావడం మొదలయ్యాక టాకీసువాళ్ళు పోచన్నను పిలవడం మానేశారు. అప్పుడతను ఇంటి ముందుగదిలో టీవీ గేములు పెట్టాడు. కాలేజీ పిల్లలు, ఐటీఐ పిల్లలు వచ్చి ఆడేవాళ్ళు. కాపురం సాఫీగానే నడిచింది.

తొంభైతొమ్మిదిలో ఎదురుగా కిరాణా సేటు కొడుకు ప్రేమ్ కంప్యూటర్లు తెచ్చి పెట్టాడు. పిల్లలంతా రోడ్డు దాటారు. తనూ ఒక కంప్యూటర్ కొనాలని పోచన్న టీవీ గేములన్నీ అమ్మేశాడు. ఆ డబ్బు చాలకపోతే భార్య సాయమ్మ తన కుట్టుమిషన్ కూడా అమ్మకానికి ఇచ్చేసింది. ఇక ఆ ఇంటికి మిగిలిన బతుకుదెరువు కొనబోయే ఆ ఒక్క కంప్యూటరే.

ఇంగ్లీషు చదవడానికి ఐటీఐ కుర్రాడు సచిన్‌ను వెంటబెట్టుకుని నాగపూర్ పోయాడు. కొట్టువాడు ఒకే ధరలో రెండు చూపించాడు. ఒకదానిలో కారు బాణంలా దూసుకుపోతోంది. రెండోదానిలో బొమ్మ అద్భుతంగా ఉంది. "రంగులు బాగుంటాయి కానీ లోపలి ఇంజను చిన్నది" అని కొట్టువాడు దాచకుండానే చెప్పాడు.

"కాకా, గా మొదటిది ఫాస్టుంది. గదే తీస్కో," అన్నాడు సచిన్.

"గవి చెట్లా, అట్టముక్కలా? రెండూ ఆపి చూపియ్యమను."

"ఆటను ఆపి ఎవలు చూస్తరు కాకా?"

పోచన్న నవ్వి కొట్టు గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. ఎడమకన్ను మూశాడు. రెండోదే కొన్నాడు.

మొదటిరోజు గది కిక్కిరిసింది. ఆ వాగును చూసి అందరూ అబ్బా అన్నారు. ఆడబోతే సంగతి బయటపడింది. నాలుగు కార్లు ఒకచోటికి చేరితే చాలు, బొమ్మ ఆగి ఆగి దుంకేది. మీట నొక్కితే, కారు చెట్టుకు గుద్దుకున్నాక తిరిగేది. మధ్యాహ్నం ఎండకు రేకుల కప్పు కాలితే అసలు కదిలేదే కాదు.

"కాకా, ఎడ్లబండన్నా నయం, ఆగకుంట పోతది," అన్నాడొకడు.

"బొమ్మకు దండం పెట్టి పోదాం పార్రి. ఆడుడు ప్రేమ్ తాన," అన్నాడు ఇంకొకడు.

అన్నట్టే పోయారు. మే నెలంతా బెంచీ ఖాళీగా పడి ఉంది. సాయమ్మ వాడకట్టు ఆడవాళ్ళ జాకెట్లకు చేత్తో హుక్కులు కుట్టి ఇంత బియ్యం తెచ్చేది. ఒకనాడు సచిన్‌ను తనే పిలుచుకొచ్చింది.

"ఏమయ్యా, చెట్లూ నీడలూ తీసేస్తే ఉరుకుతదట. గీ పిలగాడు జెప్పిండు. తీపియ్యి."

పోచన్న గుమ్మం దాకా వెనక్కి నడిచి, ఎడమకన్ను మూసి, బొమ్మను చూశాడు. తర్వాత, "నీడలు తియ్యి," అన్నాడు.

కారు కొంచెం చురుకైంది.

"ఇంక తియ్యి బిడ్డా," అంది సాయమ్మ.

వాగులో మెరుపు పోయింది. నీళ్ళున్నచోట నీలంగుడ్డ పరిచినట్టయింది. ఎండ పోయింది. చివరికి చెట్లు కత్తిరించి నిలబెట్టిన అట్టల్లా మిగిలాయి. ఒక్కొక్కటి మాయమైనప్పుడల్లా కారు వేగం పెరిగింది. పోచన్న రెండు చేతులతోనూ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"ఉరుకుతున్నది! చూడు, ఎట్ల ఉరుకుతున్నదో!" సాయమ్మ మురిసిపోయి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదుటి దుకాణం అరుగు మీద తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరిని బతిమాలి తీసుకొచ్చింది.

వాళ్ళు ఆడారు. కారు ఎక్కడా ఆగలేదు.

"గిప్పుడు మస్తుంది కాకా," అన్నాడు ఒకడు లేస్తూ. పోచన్న ముఖం వెలిగింది.

"మరి రేపు రాండ్రి. మీ దోస్తులను గూడ తోల్కరాండ్రి."

ఆ కుర్రాడు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ తటపటాయించాడు. "అచ్చం గిసొంటియే ప్రేమ్ తాన నాలుగున్నయి కాకా. తీగ కలిపిండు, నలుగురం ఒక్కసారే పందెం ఆడుతం. నీ తాన గదొక్కటే. గా వాగన్న ఉంటుండె ముందుగాల. ఇప్పుడు గదీ లేకపాయె."

సాయమ్మ పోచన్న వైపు చూసింది. పోచన్న తెర వైపు చూశాడు.

మర్నాడు పొద్దున అతను తెర తుడిచాడు. ఆట మొదలుపెట్టలేదు.

"ఇయ్యాల చూడవా?" అంది సాయమ్మ.

"ఏమున్నది చూసేటందుకు?"

వానలు పడకముందే కంప్యూటర్‌ను వచ్చినకాడికి అమ్మేశారు. ఆ డబ్బుకు కుట్టుమిషన్ తిరిగి రాలేదు.

పోచన్న ఇప్పుడు సాస్తి బొగ్గుగనికి పోయే లారీల వెనక నంబర్లు రాస్తున్నాడు.