మాస్టారి నిమ్మకాయ ఫోటో

నన్ను ఇన్నేళ్లు భరించిన దేవునికి స్తోత్రం. మనం దాచినదాన్ని తగిన కాలంలో వెలుగులోకి తెచ్చే ఆయన నామానికే మహిమ. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నా చెయ్యి కదిలేది కాదు.

మొన్న మా అమ్మాయి పుట్టినరోజు ఫోటోలు కడిగించి తెచ్చాను. కవరు విప్పగానే కొత్త కాగితం వాసన, కాస్త పుల్లగా, ముక్కుకు తగిలింది. నాకు తెలియకుండానే ఒక ఫోటోను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి పగటి వెలుగులో పట్టుకున్నాను. ఫోటో ల్యాబ్ పని మానేసి చాలా ఏళ్లయినా చేతికి ఆ అలవాటు పోలేదు. అది నేర్పింది కామేశ్వరరావు మాస్టారు. ఆయన మీకు తెలియదు. తెలిసిన కొద్దిమందీ ఆయన కళ్లు చెడిపోయి పని మానుకున్నారనే అనుకుంటారు. అలా అనుకునేలా చేసింది నేను.

రెండువేల మూడు ప్రాంతంలో కాకినాడలో ఒక కలర్ ల్యాబ్‌లో చేరాను. మాస్టారిది కోనసీమ. నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో, సన్నని కుంచెతో ముఖాలు దిద్దిన మనిషి, యాభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. ప్రింటుకు వెళ్లే ప్రతి ఫోటోలోనూ రంగులు సరిచూడడం ఆయన పని. ఆయన దగ్గర బిస్కెట్ల డబ్బాలో ఒక ఫోటో ఉండేది. తెల్ల తువ్వాలు మీద ఒక నిమ్మకాయ, స్టీలు గ్లాసు, పక్కన వాళ్లావిడ చెయ్యి. రోజూ పొద్దున్నే మానిటర్ వేసి, అది వేడెక్కేదాకా అరగంట ఆగి, కిటికీ పరదా మూసేవారు. అదే బొమ్మను తెర మీద తెరిచి, చేతిలోని ప్రింటును పక్కన పెట్టి, మానిటర్ కింది బటన్లు నొక్కుతూ రెండూ ఒకటయ్యేదాకా సరిచేసేవారు.

ఎందుకింత శ్రమ అని అడిగితే, "ముఖాల సంగతి తర్వాతండి. ముందు నిమ్మకాయ నిమ్మకాయలా ఉండాలి. తెర మనకి నచ్చినట్టు కాదు, కాగితం చెప్పినట్టు కనబడాలి" అన్నారు.

నాకంటే ముప్పై ఏళ్లు పెద్దవారు, అయినా నన్ను గారు అనే పిలిచేవారు. ఒకరోజు ఎర్ర చొక్కా వేసుకుని ఆయన వెనక నిలబడ్డాను. ఆయన తల తిప్పకుండానే, "దానియేలు గారూ, మీరు కాస్త అవతలికి వేంచేస్తే పెళ్లికూతురికి జ్వరం తగ్గుతుందండి" అన్నారు. నా చొక్కా రంగు తెర మీద పడి ఫోటోలోని ఆ పిల్ల ముఖం ఎర్రబడింది మరి. ఆ తర్వాత ల్యాబ్‌కు నేను తెల్ల చొక్కాలే వేసుకున్నాను.

ఆ ఏడాది ఆయనకు ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. డాక్టరు పని చేసుకోవచ్చన్నాకే వచ్చినా, యజమానికి మాత్రం అనుమానం పట్టుకుంది. ప్రింట్లు తానే ఒకటికి రెండుసార్లు తిప్పి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు, మా సంఘం సభల సీడీ ఆయన కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. పాటలు పాడేవాళ్ల ముఖాలు పాలిపోయినట్టు ఉన్నాయని మానిటర్ వెలుగు, ఎరుపు పెంచాను. చూడడం అయ్యాక తగ్గించడం మరిచిపోయాను. దేవుని పాటల కోసమే చేశానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

భోజనం చేసి వచ్చి ఆ తెర మీదే మాస్టారు, నూకాలమ్మ అనే ఆవిడ కొడుకు ఫోటో దిద్దారు. అతను చేపల వేటకు వెళ్లి సముద్రంలో పోయాడు. మర్నాడే పెద్దకార్యం, ఫోటోకు దండ వెయ్యాలి. తెర ఎక్కువ వెలుగుతో, ఎర్రగా ఉండేసరికి ఆయన ఆ రెండూ తగ్గించారు. పక్క గదిలోని మెషీన్ నుంచి ప్రింటు వచ్చింది. ముఖం నల్లబడి, పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. మాస్టారు చూసేలోపే యజమాని, ఆ రోజు తొందరలో తానూ చూడకుండా, కవరులో పెట్టి ఆవిడకు ఇచ్చేశాడు.

ఆవిడ ఏడవలేదు. ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టింది. "ఒడ్డుకి తెచ్చినప్పుడు ఇలాగే ఉన్నాడండి. నేను నవ్వుతున్నోడిని ఇచ్చాను కదండి మీకు" అంది.

యజమాని కేకలు వేశాడు. తెర సరిచూసుకోవడానికి మాస్టారు బిస్కెట్ల డబ్బా కోసం వెనక గదిలోకి వెళ్లారు. ఆ కాస్త సమయంలో నేను మానిటర్ బటన్లు నొక్కి అన్నీ పాత స్థానానికి తెచ్చేశాను. ఏది ఎంత ఉండాలో ఆయనే నేర్పారు కదా. ఆయన వచ్చి నిమ్మకాయ ఫోటోను తెర పక్కన పట్టుకున్నారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. చాలాసేపు చూశారు. మంచి కన్ను మూసి ఆపరేషన్ అయిన కంటితో, మళ్లీ అది మూసి మంచి కంటితో.

యజమాని నా వైపు తిరిగి, మానిటర్ బాగానే ఉందా అని అడిగాడు.

"బాగానే ఉందండి" అన్నాను.

ఆ క్షణాన అది అక్షరాలా నిజం. సండే స్కూల్లో పది ఆజ్ఞలు తడుముకోకుండా ఒప్పజెప్పి బహుమతి అందుకున్న నాకు, అబద్ధ సాక్ష్యం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "తెర సరిగానే ఉందండి. నా కన్నే తప్పింది. మీరు కూర్చోండి, ఆ తల్లికి త్వరగా చేసివ్వండి" అన్నారు. వెళ్తూ బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టారు. మళ్లీ ల్యాబ్‌కు రాలేదు. నేను చేసిన ఫోటో చూసి నూకాలమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. ఆ ఆదివారం సంఘంలో నిలబడి, దేవుడు నన్ను హెచ్చించాడని సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

రెండేళ్ల తర్వాత, చెప్పేద్దామనే బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. నన్ను చూసి ఆయన ఎంతో సంతోషించారు. స్నానానికి లేస్తూ చేతిలో తువ్వాలు పట్టుకుని, ఇది పచ్చా, నీలమా అని భార్యను అడిగారు. పచ్చేనండీ, రోజూ అడుగుతారేంటి అని ఆవిడ విసుక్కుంది. ఆయన నవ్వి, "చూశారా దానియేలు గారూ, ఇంట్లో కూడా నాకు అసిస్టెంటు కావలసొచ్చింది" అన్నారు. అది పచ్చ తువ్వాలే. ఆయన కంటికీ పచ్చగానే కనబడి ఉంటుంది. కానీ ఆ కన్నును ఆయన ఇక నమ్మడం లేదు. వాళ్లు పెట్టిన భోజనం తిని, నోరు విప్పకుండా తిరిగి వచ్చేశాను. మరుసటి ఏడు ఆయన పోయారని తెలిసింది.

ఆ ఫోటో ఇప్పుడు నేను ప్రార్థన చేసుకునే బల్ల మీద ఉంది. నిమ్మకాయ పసుపు కొంచెం వెలిసింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఆ చేతి మనిషి, మాస్టారి భార్య, ఆ ఊళ్లోనే ఉన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ఈ ఫోటో తీసుకుని బయల్దేరుతున్నాను. ఆవిడ నన్ను క్షమించాలని మిమ్మల్ని ప్రార్థించమనను. అది ఆవిడ ఇష్టం. మాస్టారి కన్ను చివరిదాకా సరిగ్గానే ఉందన్న ఒక్క మాట ఈసారైనా నా నోట పూర్తిగా వచ్చేలా, ఇది చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి.