రంగుల కార్డు లేని పటం

పోయిన సోమవారం పొద్దున కెమెరా తుడుచుకుంటుంటే సారు కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామ పోయిండు" అన్నది. అంతే. ఆర్మూర్‌ బడిలో నాకు డ్రాయింగ్ నేర్పిన సారు, పసుపు దుకాణాల వెనక తన రెండు గదుల్ని ఊరి మ్యూజియం చేసిన సారు ఇక లేరు. ఆయన గురించి మీకు చెప్పాలి. నేను చేసిన పని కూడా చెప్పాలి, చెప్పకుంటే నాకు అన్నం దిగేలా లేదు.

నాది ఫోటో స్టూడియో. మూడేళ్ల కిందట సారు వచ్చి, మ్యూజియంలోని వస్తువులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, నువ్వే తియ్యాలి అన్నారు. ఇదెంత పని అనుకున్నాను. అమ్మో! ప్రతి వస్తువు పక్కన స్కేలు, ఫోటోలో అసలు రంగు తర్వాత సరిచూసుకోవడానికి రంగుల కార్డు పెట్టాలి. ముందూ వెనకా తియ్యాలి. చిరుగు కూడా కనపడాలి. ఇవన్నీ అట్ట మీద రాసి గోడకు కొట్టారు. దేన్నైనా ముట్టే ముందు మోచేతుల దాకా కడుక్కునేవారు. నా చేతులు వాసన చూసి, "పసుపు వాసనొస్తుంది, మల్ల కడుగు" అనేవారు.

"పెండ్లిపిల్లలను తెల్లగ చేసినట్టు గీటిని చెయ్యకు బిడ్డా. ఉన్నదున్నట్టు రావాలె."

ఒకరోజు విసుగొచ్చి, "కార్డెందుకు సార్, రంగు నాకు యాదుంటది" అన్నాను.

"నీ కన్ను పొద్దున ఒక తీరు జూస్తది, మాపటికి ఒక తీరు జూస్తది. కార్డుకు గా రోగం లేదు" అని నవ్వారు.

ఈ చలికాలంలో, మెండోర దగ్గర కథలు చెప్పే ఒక కుటుంబం తమ పాత పటాన్ని గోదావరిలో కలపబోతోందని తెలిసింది. కులకథను బొమ్మలుగా గీసిన పొడుగాటి బట్ట అది. కొత్త పటం రాగానే పాతదానికి కర్మ చేసి నీళ్లలో వదలడం వాళ్ల ఆచారం. సారు పోయి, పటం చూసి, మ్యూజియానికి ఇమ్మని బతిమాలారు. ఆ ఇంటి పెద్దాయన ఒప్పుకోలేదు.

"పాతబడ్డదంటే సచ్చినట్టే సార్. సచ్చినోళ్లను ఇంట్ల ఉంచుకుంటమా?"

చివరికి ఫోటోలకు ఒక్కపూట ఇచ్చారు. ఆ పూటకే సారు నిజామాబాద్ దవాఖానలో పడ్డారు. నేనొక్కదాన్నే పోయాను. సంచి విప్పితే రంగుల కార్డు లేదు, స్టూడియోలో మరిచాను. బయట డప్పు మొదలైంది.

"అమ్మా, జర జల్ది. పొద్దుగూకక ముందే గంగల కలపాలె" అని పెద్దాయన తొందర పెట్టారు.

ఆర్మూర్ పోయి రావడానికి టైము లేదు. రంగు యాదుంటదిలే అనుకుని తీసేశాను. సాయంత్రం నా కళ్ల ముందే పటం నీళ్లలో మునిగింది.

మరునాడు సారు అడిగిన మొదటి మాట, "కార్డు పెట్టినవా?"

"పెట్టిన సార్."

"గట్లయితే ఫికర్ లేదు" అని కళ్లు మూసుకున్నారు. నిజం చెప్పాలని ఇంకో రెండుసార్లు పోయాను. ఆ నెమ్మదైన మొహం చూసి నోరు రాలేదు. సిగ్గుతో తిరిగొచ్చాను.

ఇప్పుడు ఆ ఫోటోలు ముందర పెట్టుకుని కూర్చుంటున్నాను. పటంలోని అమ్మవారి చీర ఒకదాంట్లో ఇటుక రంగు, పక్కదాంట్లో కుంకుమ రంగు. ఏది నిజమో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. కంప్యూటర్ తెర మీద రంగు సరిచేసే గీత కొంచెం జరిపితే ఇటుక, ఇంకొంచెం జరిపితే కుంకుమ. ప్రతి ఎరుపూ నిజంలాగే ఉంది. కాదని చెప్పడానికి పటమూ లేదు, సారూ లేరు. గీతను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాను, అమ్మవారు చీరలు మారుస్తూనే ఉంది.